ఇంటాయన ఇంటిపట్టున ఉండాలని...

బెల్టు మీద చాక్లెట్లు వచ్చేస్తున్నాయి. ఒక్కోదాన్నీ తీసి, కాగితం చుట్టి, మళ్లీ బెల్టు మీద పెట్టాలి. ఒక్కటి చుట్టకుండా వదిలేసినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజరమ్మ ముందే హెచ్చరించి వెళ్లింది. కాసేపు బాగానే నడిచింది. ఇంతలో బెల్టు వేగం పెరిగింది. చేతులు చాలక కొన్ని నోట్లో కుక్కుకుంది. నోరు నిండిపోతే టోపీ కింద దాచింది. అదీ నిండితే జాకెట్లో దోపుకొంది. పక్కనున్న స్నేహితురాలు ఎథెల్ పరిస్థితీ అంతే. సూపర్‌వైజరమ్మ తిరిగొచ్చి చూసింది. బెల్టు మీద చుట్టని చాక్లెట్ ఒక్కటీ లేదు. శభాష్ అని మెచ్చుకుని, బెల్టు ఇంకా వేగంగా తిప్పమని లోపలికి కేకేసింది!

1952 సెప్టెంబరు 15న అమెరికాలో ప్రసారమైన ఈ సన్నివేశాన్ని ఇప్పటికీ యూట్యూబులో వెతుక్కుని మరీ చూస్తున్నారు. భాష రాకపోయినా నవ్వొస్తుంది. మూడేళ్ల పిల్లాడు నవ్వుతాడు, తొంభయ్యేళ్ల తాతయ్యా నవ్వుతాడు. నోటినిండా చాక్లెట్లతో, కళ్లు ఇంతింత చేసుకుని బిక్కచచ్చిపోయిన ఆ ఎర్రజుట్టు మనిషే లూసిల్ బాల్. ‘ఐ లవ్ లూసీ’ అనే ఆ ధారావాహికతో అమెరికా టీవీకి మహారాణి అయింది. ఓ స్టూడియోకి యజమానురాలైంది. అయితే ఆమె టీవీలోకి వచ్చింది రాణి కావాలని కాదు, డబ్బు కోసమూ కాదు. ఊళ్లు పట్టుకు తిరిగే మొగుణ్ని ఇంటిపట్టున ఉంచుకోవాలని.

అద్దం చూసుకుంటే తిట్లు

లూసిల్ 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. స్తంభాలెక్కి తీగలు లాగే ఉద్యోగం. కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడికి మూటాముల్లే సర్దుకుని వెళ్లేవాళ్లు. లూసిల్‌కి మూడేళ్లప్పుడు, 1915లో, ఆయన టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి తల్లి కడుపుతో ఉంది. ఆ రోజు ఇంట్లోకి ఓ పిట్ట దూరి బయటికి వెళ్లే దారి దొరక్క కొట్టుకోవడం ఒక్కటే తనకు గుర్తుందని లూసిల్ తర్వాత చెప్పుకొంది. జీవితాంతం పక్షి బొమ్మలంటే పడేది కాదు. హోటల్ గదిలో గోడ మీద పిట్ట బొమ్మ కనిపిస్తే గది మార్చమనేది.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. కొత్త దంపతులు పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్తూ పిల్లని సవతి తండ్రి అమ్మానాన్నల దగ్గర వదిలారు. మహా నిష్ఠగా బతికే మనుషులు. ఇంట్లో స్నానాలగదిలో తప్ప అద్దం ఉండకూడదు. ఆ అద్దంలోనైనా పిల్ల కాస్త ఎక్కువసేపు చూసుకుంటే తిట్లే. తర్వాతి కాలంలో ముఖాన్ని వంద రకాలుగా మెలితిప్పి నవ్వించిన మనిషి చిన్నప్పుడు అద్దం ముందు నిలబడటానికి భయపడిందంటే వింతగా ఉంటుంది.

అమ్మమ్మగారిల్లు మాత్రం స్వర్గం. తాత ఫ్రెడ్ హంట్ కార్మికుల పక్షపాతి, సోషలిస్టు. మనవరాలిని వేదికల మీద జరిగే హాస్య ప్రదర్శనలకి తీసుకెళ్లేవాడు. ఆ పిచ్చే ఆమెను పదిహేనేళ్లకి న్యూయార్క్‌లో నాటక పాఠశాలకు చేర్చింది. అదే బడిలో బెటి డేవిస్ అనే మరో అమ్మాయి టీచర్లందరికీ ముద్దు. ఈ పిల్ల మాత్రం నోరు తెరిస్తే వణికిపోయేది. ఆరు వారాలు తిరక్కుండానే, మీ డబ్బూ మా సమయమూ వృథా అని తల్లికి కబురు పంపేశారు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకే, 1927లో, మరో దెబ్బ. తమ్ముడి పుట్టినరోజుకి తాత చిన్న తుపాకీ బహుమతిగా ఇచ్చాడు. పెరట్లో గురిచూసి కాల్చడం నేర్పుతుంటే ఇరుగుపొరుగు పిల్లాడు ఒకడు అడ్డంగా వచ్చాడు. గుండు వెన్నులో తగిలింది. ఆ అబ్బాయి కాళ్లు పడిపోయాయి. కోర్టు కేసులో తాత ఓడాడు. ఇల్లు పోయింది. మనిషి మళ్లీ కోలుకోలేదు. ఆ తాత గురించి ఇంకా చెప్పుకోవాల్సి ఉంది. పాతికేళ్ల తర్వాత మనవరాలి కొంప ముంచబోయింది కూడా ఆయన మాటే!

‘బి’ సినిమాల రాణి

న్యూయార్క్ వెళ్లి పేరున్న ఓ దుస్తుల దుకాణంలో మోడల్‌గా చేరింది. అక్కడా తిన్నగా సాగలేదు. ఓ రోజు ఉన్నట్టుండి కాళ్లలో భరించలేని నొప్పి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు డాక్టర్లు. మళ్లీ మామూలుగా నడవడానికి చాలాకాలం పట్టింది. తర్వాత తిరిగి న్యూయార్క్ వచ్చి ఓ సిగరెట్ ప్రకటనలో కనిపించింది. ఆ బొమ్మ పుణ్యమా అని 1933లో ‘రోమన్ స్కాండల్స్’ సినిమాలో గుంపులో నాట్యం చేసే అమ్మాయిల్లో ఒకతెగా హాలీవుడ్ పిలుపొచ్చింది. ఆరు వారాల పని. ఆమె మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

మేకప్ పాడవుతుందని తోటి అందగత్తెలు వద్దన్న పనులకి ఈమె ముందుకొచ్చేది. మొహాన బురద కొట్టాలా? కొట్టండి. కింద పడాలా? పడతాను. నలుగురు అందగత్తెల్లో తాను అయిదోది కాలేనని ఆమెకి బాగా తెలుసు. ఆర్కేవో స్టూడియో జీతానికి పెట్టుకుంది. 1937లో ‘స్టేజ్ డోర్’ వంటి మంచి సినిమాలో చోటు దొరికినా, ఎక్కువగా చేసినవి తక్కువ ఖర్చుతో తీసి ప్రధాన చిత్రానికి జతగా ఆడించే ‘బి’ సినిమాలు. అందుకే ‘బి సినిమాల రాణి’ అని పేరు పడింది. పొగడ్తో వెక్కిరింతో చెప్పలేం. 1942లో ‘ది బిగ్ స్ట్రీట్’లో హెన్రీ ఫోండా పక్కన కాళ్లు పడిపోయిన పొగరుబోతు గాయనిగా గొప్పగా చేసింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. స్టూడియోకి మాత్రం ఈ నటితో ఏం చేయాలో అర్థం కాలేదు. ఎమ్‌జీఎమ్‌కి మారాక 1943లో ‘డూబారీ వజ్ ఎ లేడీ’ కోసం జుట్టుకి మంట రంగు వేశారు. ఆ ఎరుపు చచ్చేదాకా వదల్లేదు. అసలు రంగు గోధుమ!

ఇత్తడి ఉంగరం

1940. ఆర్కేవో క్యాంటీన్. అప్పుడే ఓ కొట్లాట సీన్ చేసి, చిరిగిన బట్టలతో, కంటికి నల్లగా కమిలినట్టు మేకప్‌తో, రేగిన జుట్టుతో వచ్చింది లూసీ. ‘టూ మెనీ గర్ల్స్’ సినిమాలో నటించడానికి న్యూయార్క్ నుంచి కొత్తగా వచ్చిన క్యూబా కుర్రాడు ఆమెను చూసి, ఈవిడా హీరోయిన్ అని మొహం చిట్లించాడు. సాయంత్రం పసుపుపచ్చ స్వెట్టర్ వేసుకుని వచ్చిన అమ్మాయిని చూసి కళ్లు తిప్పుకోలేక ఎవరని అడిగాడు. పొద్దున చూసిన మనిషేనంటే నమ్మలేదు.

అతని పేరు డెసి ఆర్నాజ్. ఆమెకంటే దాదాపు ఆరేళ్లు చిన్న. క్యూబాలోని శాంటియాగో నగర మేయర్ కొడుకు. 1933 విప్లవంలో తండ్రి జైలుపాలయ్యాడు, ఆస్తులు తగలబడ్డాయి. పదహారు పదిహేడేళ్ల కుర్రాడు మయామీ చేరి, పక్షుల పంజరాలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నాడు. తర్వాత మెడలో కాంగా డోలు వేసుకుని పాడుతూ జనాన్ని వెర్రెక్కించాడు. 1940 నవంబరు 30న ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. హడావుడిలో నగల దుకాణాలు తెరిచి లేకపోతే చిల్లర సామాన్ల కొట్లో దొరికిన ఇత్తడి ఉంగరమే వేలికి తొడిగాడు. పెళ్లయ్యాక అటునుంచి అటే న్యూయార్క్‌లో అతని ప్రదర్శనకి పరుగు.

ఆ పరుగే కాపురానికి శాపమైంది. అతను బ్యాండు మేళంతో ఊరూరా రాత్రుళ్లు కచేరీలు చేసేవాడు. ఆమె తెల్లారకముందే షూటింగుకి వెళ్లాలి. అతను ఇంటికొచ్చే దారిలో, ఆమె పనికెళ్లే దారిలో కార్లాపుకుని మాట్లాడుకున్న రోజులున్నాయి. దానికితోడు డెసికి మందు, ఇతర స్త్రీలు. 1944లో విడాకులకి కోర్టుకెక్కింది లూసీ. మళ్లీ కలిసిపోయారు. పిల్లలు కావాలని ఎంతో కోరుకుంది. గర్భం నిలవలేదు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

‘అతను నా మొగుడే కదా!’

1948లో ఆమె సీబీఎస్ రేడియోలో ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ అనే హాస్య నాటిక మొదలుపెట్టింది. బాగా పేలింది. దాన్ని టీవీకి మారుద్దామన్నారు సీబీఎస్ వాళ్లు. మొగుడి పాత్రకి రేడియోలో చేసిన నటుణ్నే అనుకున్నారు. డెసి అయితేనే చేస్తానంది లూసీ. ఎర్రజుట్టు అమెరికా అమ్మాయికి యాసతో మాట్లాడే క్యూబా మొగుడా, జనం నమ్మరు అన్నారు వాళ్లు. పదేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి తన మొగుడంటే జనం ఎందుకు నమ్మరో ఆమెకి అర్థం కాలేదు!

వాదించడం మానేసి 1950లో ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగి రంగస్థలం మీద నవ్వుల ప్రదర్శన ఇచ్చారు. జనం విరగబడ్డారు. సీబీఎస్ దిగొచ్చింది. అప్పట్లో సినిమా తారలు టీవీని చిన్నచూపు చూసేవారు. అటు వెళ్తే ఇక సినిమాల్లోకి రానివ్వరనే భయం ఉండేది. లూసీ కూడా తటపటాయించింది. 1942లో విమాన ప్రమాదంలో పోయిన తన స్నేహితురాలు, నటి కరోల్ లొంబార్డ్ కలలో కనిపించి ధైర్యం చేయమందని ఆమె చెప్పేది. కల సంగతి ఎలా ఉన్నా ధైర్యం మాత్రం చేసింది. 1951 జులై 17న, నలభయ్యో ఏడు నిండటానికి మూడు వారాల ముందు, తొలి బిడ్డ పుట్టింది. పచ్చిబాలింతరాలు కొద్దివారాల్లోనే సెట్లో ఉంది.

ఇక్కడో చిన్న లెక్క చెప్పుకోవాలి. ఎందుకంటే దాని మీదే తర్వాతి కథంతా నడిచింది. అప్పటి టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారం అయ్యేవి. దూరప్రాంతాలకి టీవీ తెరనే ఫిల్ము మీద చిత్రీకరించి పంపేవారు. మసకమసగ్గా ఉండేది. స్పాన్సర్ అయిన సిగరెట్ కంపెనీ న్యూయార్క్ రమ్మంది. లూసీ, డెసి లాస్ ఏంజెలెస్ వదలమన్నారు. మరి దారి? సినిమాలాగా ఫిల్ము మీదే తీద్దామన్నాడు డెసి. ఖర్చు పెరుగుతుందన్నారు. అయితే మా జీతంలో వారానికి వెయ్యి డాలర్లు తగ్గించండి, బదులుగా ఫిల్ముల మీద హక్కు మాకివ్వండి అన్నాడు. సీబీఎస్ వాళ్లు సరేనన్నారు. ఒకసారి చూసేసిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారులే అని వాళ్ల ధీమా!

జనం ఎదురుగా నవ్వితేగానీ లూసీకి ఊపు రాదు. కాబట్టి మూడొందల మందిని కూర్చోబెట్టి, నాటకంలా ఏకబిగిన ఆడుతూ, మూడు కెమెరాలతో ఒకేసారి తీయాలి. ‘మెట్రోపాలిస్’ చిత్రానికి పనిచేసిన జర్మన్ ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్‌ని ఒప్పించి తెచ్చారు. కెమెరా ఎటు తిరిగినా నీడలు పడకుండా ఆయన పైనుంచి లైట్లు అమర్చాడు. జనం ముందు మూడు కెమెరాలతో హాస్య ధారావాహికలు తీసే పద్ధతి ఇక్కడే స్థిరపడింది.

1951 అక్టోబరు 15, సోమవారం రాత్రి 9 గంటలు. ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. కథ ఏమంత గొప్పది కాదు. బ్యాండు నడిపే రికీ, అతని భార్య లూసీ. ఆమెకి ఎలాగైనా స్టేజీ ఎక్కాలని పిచ్చి. మొగుడు వద్దంటాడు. ఆమె దొంగచాటుగా ఏదో పథకం వేస్తుంది. అది బెడిసికొడుతుంది. పొరుగున అద్దెకిచ్చిన ఇంటివాళ్లు ఫ్రెడ్, ఎథెల్ అందులో ఇరుక్కుంటారు. ఆ పాత్రలు వేసిన విలియం ఫ్రాలీకి, వివియన్ వాన్స్‌కి నిజంగానే పడేది కాదు. తనకంటే ఇరవై రెండేళ్లు పెద్దవాడికి భార్యగా వేయాల్సి వచ్చిందని ఆమెకి మంట. తెర మీద అదీ పనికొచ్చింది.

తాను హాస్యగత్తెని కాదనీ, రచయితలే హాస్యం పుట్టిస్తారనీ, తనకున్నదల్లా తెగింపేననీ లూసీ అంటుండేది. అది వట్టి వినయం కాదు. మడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్, జెస్ ఓపెన్‌హైమర్ రాసినదాన్ని ఆమె అక్షరం పొల్లుపోకుండా సాధన చేసేది. గుడ్లు పగిలే సీనైనా, గిన్నె జారిపడే సీనైనా ఎన్నోసార్లు రిహార్సల్. తెరమీద అంతా అప్పటికప్పుడు జరిగిపోయినట్టు ఉంటుంది. వెనక గంటల చాకిరీ. సెట్లో ఆమె కోపం, పట్టుదల తట్టుకోలేక ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

ఆ మాట అనకూడదు

1952లో లూసీ మళ్లీ నెలతప్పింది. కార్యక్రమం ఆగిపోతుందేమోనని గాభరాపడ్డారు. తెరమీది లూసీకీ కడుపు పండిందని చూపిద్దామన్నాడు ఓపెన్‌హైమర్. సీబీఎస్ గుండెల్లో రాయి పడింది. మన దగ్గర అమ్మాయి కడుపుతో ఉంటే సీమంతం చేసి, గాజులు తొడిగి, వీధివీధంతా పిలుస్తాం. అమెరికా టీవీలో ‘గర్భవతి’ అన్న మాటే నిషిద్ధం! భార్యాభర్తలకి ఒకే మంచం చూపించడానికే జంకే రోజులవి. సోఫాల వెనక, బల్లల చాటున దాచేద్దాం అన్నారు. డెసి సిగరెట్ కంపెనీ అధిపతికే నేరుగా ఉత్తరం రాశాడు. ఆయన, ఆ క్యూబా అబ్బాయి జోలికి పోవద్దని తనవాళ్లకి చీటీ పంపాడట. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనలేదు. అయినా ముందు జాగ్రత్తగా ఓ క్యాథలిక్ మతాచార్యుడు, ఓ ప్రొటెస్టెంట్ పాస్టర్, ఓ యూదు రబ్బీ స్క్రిప్టులు చదివి సరేనన్నారు. ‘గర్భవతి’ బదులు ‘ఎదురుచూస్తోంది’ అన్నారు.

బిడ్డ సంగతి లూసీ మొగుడికి చెప్పే సన్నివేశం. క్లబ్బులో రికీ పాడుతుంటాడు. ఎవరో తల్లి కాబోతున్నారని చీటీ వస్తుంది. బల్లబల్లకీ వెళ్లి మీరేనా మీరేనా అని అడుగుతూ పాడతాడు. ఓ బల్ల దగ్గర భార్య కూర్చుని ఉంటుంది. తలూపుతుంది. అప్పుడు ఇద్దరికీ గొంతు పూడుకుపోయింది. డెసి పాట తప్పాడు. లూసీ కళ్లలో నీళ్లు. పోగొట్టుకున్న బిడ్డలందరూ గుర్తొచ్చి ఉంటారు. పాడైందనుకుని మరోసారి తీయబోతే చూస్తున్నవాళ్లు వద్దన్నారు. ఆ తీసిందే ఉంచేశారు. 1952 డిసెంబరు 8న ప్రసారమైంది.

1953 జనవరి 19 సోమవారం. పొద్దున ఆపరేషన్‌తో లూసీకి మగబిడ్డ. రాత్రి తెరమీద లూసీకీ మగబిడ్డే! తెరమీద మగపిల్లాడేనని నెలల ముందే తీసి పెట్టేశారు. నిజం కూడా దానికి సరిపోయింది. ఆ రాత్రి 4 కోట్ల 40 లక్షల మంది చూశారని అంచనా. మర్నాడు దేశాధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూసినవాళ్లు 2 కోట్ల 90 లక్షలు.

తాత మాట

అదే ఏడాది సెప్టెంబరు. కమ్యూనిస్టులంటే అమెరికా ఉలిక్కిపడుతున్న కాలం. ఎవరి మీద ఆ ముద్ర పడితే వారికి పని పోయినట్టే. ‘ది గోల్డ్‌బెర్గ్స్’ అనే పేరున్న టీవీ ధారావాహికలో తండ్రి వేషం వేసిన ఫిలిప్ లోబ్ పేరు ఇలాంటి జాబితాకెక్కింది. ఉద్యోగం పోయింది. 1955లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

లూసీని ప్రతినిధుల సభ విచారణ సంఘం రహస్యంగా పిలిచింది. 1936లో ఓటరుగా నమోదైనప్పుడు కమ్యూనిస్టు పార్టీ అని రాయించుకుంది నిజమేనా? నిజమే. హాలీవుడ్‌కి తెచ్చుకుని తన ఇంట్లోనే పెట్టుకున్న తాత ఫ్రెడ్ అడిగాడు. ఇల్లు పోయి, మనసు విరిగిన ముసలాయన సంతోషం కోసం తల్లీ తమ్ముడితోపాటు తనూ సంతకం పెట్టానని చెప్పింది. సంఘం ఒప్పుకుంది. ఇక అయిపోయిందనుకుంటుండగా రేడియోలో వాల్టర్ విన్చెల్ అనే విలేకరి పేరు చెప్పకుండా, ఓ గొప్ప హాస్యనటి కమ్యూనిస్టు అని ఉప్పందించాడు. సెప్టెంబరు 11న లాస్ ఏంజెలెస్ పత్రికలో పెద్దక్షరాల్లో ఆమె పేరే!

ఆ సాయంత్రమే షూటింగ్. ప్రేక్షకులు కూర్చున్నారు. ఆమె లోపల వణికిపోతోంది. జనం ఈలలేసి తిడితే? డెసి ముందుకొచ్చాడు. తన కుటుంబమే క్యూబా నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిందని గుర్తుచేశాడు. పత్రికల్లో రాసింది అబద్ధమన్నాడు. లూసీలో ఎర్రనిదంటూ ఉంటే అది జుట్టేననీ, అదీ అసలుది కాదనీ చమత్కరించాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆమె వచ్చి నమస్కరించింది. సంఘం సభ్యుడు ఆమె మీద ఏ ఆధారమూ లేదని ప్రకటించాడు. స్పాన్సర్ కదల్లేదు. ఆ కొద్దినెలల ముందే 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్న కంపెనీ కదలడం కష్టమే మరి. లోబ్‌కి లేనిదీ లూసీకి ఉన్నదీ అదే. ఆమెని వదులుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

జీతగత్తె కొన్న స్టూడియో

డెసి తగ్గించుకున్న వెయ్యి డాలర్లు గుర్తున్నాయా? ఆ పాత ఫిల్ముల హక్కుల్ని తర్వాత సీబీఎస్సే నలభై లక్షల డాలర్లకు పైగా పోసి కొనుక్కుంది. ఆ డబ్బు దన్నుతో 1957 చివర్లో డెసిలూ కంపెనీ ఆర్కేవో స్టూడియోని 60 లక్షల డాలర్లకు పైచిలుకు పెట్టి కొనేసింది. ఒకప్పుడు లూసీ వారం జీతానికి పనిచేసిన ఆర్కేవో!

కానీ మొగుణ్ని ఇంటిపట్టున ఉంచుతుందనుకున్న పని మొగుణ్నే మింగేసింది. పదుల కార్యక్రమాలు, వేలమంది ఉద్యోగులు. డెసికి తీరిక లేదు. తాగుడు పెరిగింది. గొడవలు పిల్లల ముందే. ‘ఐ లవ్ లూసీ’ 180 భాగాలు పూర్తిచేసుకుని 1957 మేలో ఆగింది. తర్వాత గంట నిడివి ప్రత్యేక భాగాలు తీశారు. చివరిది 1960 మార్చి 2న తీశారు. ఆ రోజు డెసి పుట్టినరోజు. ఆఖరి సీన్లో రికీ, లూసీ రాజీపడి ముద్దుపెట్టుకోవాలి. సెట్లో ఉన్న అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. ముద్దు పెట్టుకున్నారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. మర్నాడు ఆమె లాయరు కోర్టులో విడాకుల కాగితాలు దాఖలు చేశాడు.

1961లో హాస్య కళాకారుడు గ్యారీ మోర్టన్‌ని పెళ్లాడింది. 1962లో డెసి వాటాని అప్పుతెచ్చి దాదాపు 30 లక్షల డాలర్లకు కొంది. అలా ఓ పెద్ద టీవీ స్టూడియోకి అధిపతి అయిన తొలి మహిళ అయింది. లెక్కలంటే భయం. సమావేశాలంటే విసుగు. కానీ ఒక్క నిర్ణయం చాలు. అంతరిక్షంలో తిరిగే ఓడ కథ ఒకటి వచ్చింది. ‘స్టార్ ట్రెక్’. సైనికుల దగ్గరికి వెళ్లి నాటకాలాడే నటుల కథ అని ఆమె కొంతకాలం పొరబడిందని ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లు చెబుతారు. మొదటి నమూనాని ఎన్‌బీసీ తిప్పికొట్టింది. దీంతోపాటు ‘మిషన్ ఇంపాజిబుల్’ కూడా కలిస్తే స్టూడియో మునుగుతుందని డైరెక్టర్లు మొత్తుకున్నారు. అధ్యక్షురాలిగా ఆమె కానివ్వమంది. రెండూ 1966 సెప్టెంబరులో మొదలయ్యాయి. 1967లో స్టూడియోని కోటీ 70 లక్షల డాలర్లకు గల్ఫ్ అండ్ వెస్ట్రన్ సంస్థకి అమ్మేసింది. స్పాక్ చెవులతోనూ, ‘మిషన్ ఇంపాజిబుల్’ సంగీతంతోనూ తర్వాత కోట్లు గడించింది వేరేవాళ్లు!

‘ది లూసీ షో’, ‘హియర్ ఈజ్ లూసీ’ పేర్లతో 1974 దాకా టీవీలో నవ్వించింది. సినిమా ‘మేమ్’ దెబ్బతింది. 1985లో ‘స్టోన్ పిల్లో’లో వీధుల్లో బతికే ముసలమ్మగా వేసింది. 1986లో, 75 ఏళ్ల వయసులో, ‘లైఫ్ విత్ లూసీ’ అంటూ మళ్లీ నిచ్చెనలెక్కబోయింది. ఎనిమిది భాగాలు ప్రసారమయ్యాక తీసేశారు. జనం తనని వద్దనుకున్నారని కుమిలిపోయింది.

ఆ శీతాకాలంలోనే డెసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మంచాన ఉన్నాడు. ఇద్దరూ వేరే పెళ్లిళ్లు చేసుకున్నా మాటలు మానలేదు. నవంబరు 30న ఆమె ఫోన్ చేసింది. కూతురు రిసీవర్ తండ్రి చెవి దగ్గర పెట్టింది. ప్రేమిస్తున్నానన్న ఒక్క మాటే అటూ ఇటూ పదేపదే. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు. డిసెంబరు 2న అతను పోయాడు.

అయిదు రోజుల తర్వాత వాషింగ్టన్‌లో కెనెడీ సెంటర్ సత్కారం. బాల్కనీలో అధ్యక్షుడు రీగన్ సరసన లూసీ కూర్చుంది. డెసిలూ తీసిన ‘ది అన్‌టచబుల్స్’ కథానాయకుడు రాబర్ట్ స్టాక్ వేదికెక్కి, డెసి ముందే రాసిచ్చిన మాటలు చదివాడు. ‘ఐ లవ్ లూసీ’ అన్నది తనకెప్పుడూ వట్టి కార్యక్రమం పేరు కాదని రాశాడతను. ఆమె పెదవి బిగబట్టుకుంది.

1989 ఏప్రిల్ 26న గుండె ఆపరేషన్ తర్వాత లూసీ కన్నుమూసింది. ఆమె అస్థికల్ని తర్వాత పిల్లలు జేమ్స్‌టౌన్ తెచ్చి తల్లి పక్కన ఉంచారు. తాతయ్య ఇల్లున్న సెలరాన్‌లో 2009లో కంచు విగ్రహం పెట్టారు. చేతిలో సీసా, చెంచాతో, ఓ పాత భాగంలో లూసీ మత్తెక్కించే టానిక్ అమ్మిన భంగిమ. మొహం మాత్రం దయ్యంలా వచ్చింది! పిల్లలు జడుసుకుంటున్నారని ఊరివాళ్లు గోల చేస్తే 2016లో ఆమె పుట్టినరోజున అందమైనది పెట్టారు. పాతది పారేయలేదు. అదే పార్కులో కాస్త దూరంగా జరిపారు. అక్కడికి వెళ్లేవాళ్లు రెంటి పక్కనా ఫోటో దిగుతారు.